కేసు కొట్టేశాక: అప్పీలులో మాటకు, కాగితానికి విలువ ఎలా వస్తుంది

దిండి, రామరాజులంక, మలికిపురం, సఖినేటిపల్లి. కోనసీమలోని ఈ ఊళ్లలో ఏ వీధిలో అడిగినా దేశం దాటినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. అమ్మల తరం కువైట్, మస్కట్, దోహా వెళ్లింది. పిల్లల తరం కెనడా, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళుతోంది. వాళ్లలో బహు కొద్దిమంది మాత్రం అక్కడి ప్రభుత్వంతో "తిరిగి మా ఊరు వెళితే నా ప్రాణం దక్కదు, ఇక్కడే ఉండనివ్వండి" అని చెప్పుకోవలసిన స్థితిలో పడతారు. మనవాళ్లు దాన్నే అసైలం కేసు, రిఫ్యూజీ కేసు అంటారు. ఆ కేసు కొట్టేశారన్న కబురు వచ్చిన రోజు ఇంట్లో అందరికీ ఒకటే తోస్తుంది: ఇంకా కాగితాలు పంపాలి. ఎఫ్‌ఐఆర్ పంపాలి, సర్పంచ్ గారి ఉత్తరం పంపాలి, ఎవరినైనా పట్టుకుని అఫిడవిట్ రాయించాలి.

ఆ తొందరే చాలా కేసులను ముంచుతుంది. మొదటి కథనం నిజమై, అందులోని ప్రతి ముక్కా ఎవరైనా సరిచూసుకోగలిగేలా ఉంటే అప్పీలు నిలుస్తుంది. పక్కన ఒక్క దొంగ కాగితం చేరిందంటే అంతవరకు ఉన్న నిజాన్ని కూడా అనుమానిస్తారు. ఫోనుకు అటు ఉన్న పిల్లలూ, ఇటు ఉన్న పెద్దలూ కలిసి చదవడానికి రాసిన అధ్యాయం ఇది.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న

1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడిక ఐదు కారణాలు చెబుతుంది: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం. వీటిలో ఏదో ఒక కారణంగా స్వదేశంలో హింస తప్పదన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి. కెనడా చట్టం ఇంకో తలుపు కూడా తెరిచింది. పై ఐదింటిలోకి రాకపోయినా, వ్యక్తిగతంగా ప్రాణానికి ముప్పు ఉందని చూపిస్తే రక్షణ అడగవచ్చు.

కులాంతర వివాహం చేసుకున్న జంట భయాన్ని ఊహ అని ఎవరూ కొట్టిపారేయలేరు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఒక యువకుణ్ణి నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఇలాంటి భయంతో దేశం దాటినవాళ్ల మాట వినాల్సిందే.

అదే గల్ఫ్‌లో జీతం ఎగ్గొట్టడం, యజమాని పాస్‌పోర్టు లాక్కోవడం అయితే భారత ఎంబసీ ద్వారా, కార్మిక చట్టం ద్వారా పోరాడాల్సిన సమస్య. చదువు మానేయడం, వీసా గడువు అయిపోవడం, అప్పులు తీరకపోవడం కూడా శరణార్థి కారణాలు కావు. "ఊరికే ఒక కేసు పడేయి, వర్క్ పర్మిట్ వస్తుంది" అని చెప్పే ఏజెంటు మాట వినకండి. అబద్ధపు కేసు వేసినవాడికి ముందు ముందు ఏ వీసాకైనా అదే అడ్డు వస్తుంది. నిజంగా ప్రాణభయంతో వచ్చిన మరో తెలుగు పిల్ల మాటకు కూడా దానివల్ల విలువ తగ్గుతుంది.

అప్పీలు చూసేవాళ్లు ఏం తూస్తారు

కెనడా పద్ధతిని నమూనాగా తీసుకుందాం. అక్కడ ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డులో మొదట శరణార్థి రక్షణ విభాగం హియరింగ్ పెడుతుంది. అక్కడ కొట్టేస్తే సాధారణంగా అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. ఈ విభాగం 2012 డిసెంబరు 15న మొదలైంది. కారణాలతో కూడిన తీర్పు చేతికి వచ్చిన 15 రోజుల్లో అప్పీలు నోటీసు ఇవ్వాలి. 45 రోజుల్లో పూర్తి రికార్డు, వాదన పత్రం దాఖలు చేయాలి. వాదన పత్రం 30 పేజీలు దాటకూడదు. ఎక్కువ అప్పీళ్లు కాగితాల మీదే తేలిపోతాయి, మనిషిని మళ్లీ పిలవరు.

మొదటి హియరింగ్‌లో మీ మాట నేరుగా చెప్పుకోవడం మాత్రం హక్కు. అది ఊరికే రాలేదు. ఎక్కువమంది భారతీయులే ఉన్న ఏడుగురు వేసిన సింగ్ కేసులో, 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీం కోర్టు ఒక మాట తేల్చింది: ఒకరి మాట నమ్మాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు ఆ మనిషి నోటి నుంచే నేరుగా వినాలి. మాల్డొనాడో కేసు నుంచి ఇంకో సూత్రం నడుస్తోంది. ప్రమాణం చేసి చెప్పిన మాటను, అనుమానించడానికి కారణం కనిపించేదాకా, నిజమనే తీసుకోవాలి.

అంటే నమ్మకం మొదట మీ వైపే ఉంటుంది. దాన్ని పోగొట్టే కారణాలు తీర్పుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఫారంలో ఒకటి రాసి హియరింగ్‌లో ఇంకొకటి చెప్పడం. ముఖ్యమైన దాడి గురించి మొదటి ఫారంలో రాయకపోవడం. భయం ఉందంటూ దేశంలో అడుగుపెట్టిన ఏడాదికో రెండేళ్లకో దరఖాస్తు పెట్టడం. ప్రాణభయమని చెప్పిన మనిషే మధ్యలో సంక్రాంతికి ఇంటికి వచ్చి వెళ్లడం. స్టూడెంట్ వీసా ఫారంలో "అవివాహితుడు" అని రాసి, శరణార్థి కేసులో మాత్రం పెళ్లి వల్లే ముప్పు అనడం. చివరిగా, "ఇలా జరగడం నమ్మశక్యంగా లేదు" అని అధికారి అనుకోవడం. ఈ చివరి కారణాన్ని మరీ స్పష్టమైన సందర్భాల్లోనే వాడాలని వాల్చెవ్ కేసులో 2001లో ఫెడరల్ కోర్టు హెచ్చరించింది. అధికారి తన దేశపు అలవాట్లతో మన ఊరి సంగతి కొలిచి ఉంటే, అప్పీలులో చూపించాల్సిన తప్పు అదే.

మన ఊళ్లో పొలం గట్టు తగాదా ఎలా తేలుతుందో గుర్తు చేసుకోండి. గట్టిగా అరిచినవాడి మాట సర్వేయరు పట్టించుకోడు. ఈ గట్టున కొబ్బరి చెట్లు ఎవరు వేశారు, ఏ ఏడు వేశారు, పాత దస్తావేజులో హద్దు ఏమని ఉంది, పక్క పొలం రైతు ఏమంటాడు అని అడుగుతాడు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన మాట ఒకచోట కలిస్తే రాయి పాతుతాడు. అప్పీలు అధికారి చేసేదీ ఇదే పని.

మొదటి పని: తీర్పును మూడు గళ్లలో రాయడం

కొట్టేసిన తీర్పు చేతికి రాగానే చాలామంది చివరి పేరా చదివి పక్కన పెడతారు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి పేజీని మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో అధికారి నమ్మనన్న ప్రతి విషయం, పేరా నంబరుతో సహా రాయండి. రెండో గడిలో దానికి ఆయన చెప్పిన కారణం. మూడో గడిలో మీ జవాబు, దానికి ఆధారం ఎక్కడుందో.

మూడో గడి నింపడానికి హియరింగ్ ఆడియో రికార్డింగ్ అడిగి తీసుకుని పూర్తిగా వినండి. దుబాసీ పొరపాట్లు అక్కడే బయటపడతాయి. మనం పెదనాన్న కొడుకునూ అన్నయ్యే అంటాం. దుబాసీ ఒకచోట సొంత అన్న అని, ఇంకోచోట కజిన్ అని చెప్పి ఉంటే అధికారికి అది మాట మార్చడంలా కనిపిస్తుంది. ఏ నిమిషంలో ఏం అన్నారో, ఎలా తర్జుమా అయిందో రాసి పెడితే అది బలమైన వాదన. "అధికారి నన్ను అర్థం చేసుకోలేదు" అని ఊరికే రాస్తే బలం ఉండదు. అప్పీలు విభాగం కేసును తనంతట తాను మళ్లీ పరిశీలించి, తీర్పు సరైనదా కాదా చూడాలని 2016లో హురుగ్లికా తీర్పు చెప్పింది. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సిన బాధ్యత మాత్రం మీదే.

రెండో పని: తేదీలను మన ఊరి క్యాలెండర్‌తో సరిచూడటం

మనవాళ్లకు తేదీలు గుర్తుండవు, సందర్భాలు గుర్తుంటాయి. "వరద వచ్చిన నెలలో", "తీర్థానికి ముందు" అంటాం. అందులో తప్పేమీ లేదు. ఆ సందర్భాన్ని తేదీగా మార్చడం నేర్చుకోవాలి. నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలింది 2014 జూన్ 27న. అంతర్వేది రథం కాలిపోయింది 2020 సెప్టెంబరు మొదటి వారంలో. లంకలు మునిగిన పెద్ద వరద 2022 జూలైలో. అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన గొడవ 2022 మే 24న. మీ సంఘటన వీటిలో దేనికి ముందు, దేనికి తర్వాత జరిగిందో ఇంట్లో అందరూ విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోండి. కలిసి కూర్చుని ఒకే పాఠం తయారు చేయకండి. ముందే వల్లె వేయించిన మాటలు హియరింగ్‌లో ఇట్టే తెలిసిపోతాయి.

రోజు గుర్తులేకపోతే "నెల మాత్రమే గుర్తుంది" అని రాయండి. ఊహించి ఒక తేదీ వేస్తే, రేపు ఆసుపత్రి చీటీ ఇంకో తేదీ చూపించినప్పుడు జవాబు ఉండదు. బడిలో వేయించిన పుట్టిన తేదీ అసలు తేదీ కాకపోతే, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ముందూ పాస్‌పోర్టులో వెనకా ఉంటే, ఎవరూ అడగకముందే ఒక పేరాలో వివరించండి.

మూడో పని: కాగితాన్ని కాగితంగా పరీక్షించడం

ప్రతి కాగితానికీ నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరు ఇచ్చారు? ఎప్పుడు ఇచ్చారు? వాళ్లకు ఆ విషయం ఎలా తెలుసు? వేరే ఎవరైనా దాన్ని సరిచూసుకోవడం ఎలా?

మన జిల్లావాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, ఆ ఏడాదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. దానికి ముందు మనది తూర్పు గోదావరి. 2021లో ఇచ్చినట్టు చెప్పే కాగితం మీద కోనసీమ జిల్లా ముద్ర ఉంటే అది ఆ ఏడు పుట్టినది కాదని ఎవరికైనా అర్థమవుతుంది. మరోవైపు, అసలైన కాగితాల్లోనే పాస్‌పోర్టు మీద ఒక జిల్లా, కొత్త ఆధార్ మీద ఇంకో జిల్లా ఉంటాయి. టొరంటోలో కూర్చున్న అధికారికి జిల్లా మారిన సంగతి తెలియదు. ప్రభుత్వ ఉత్తర్వు ప్రతి జతచేసి ఒక వాక్యంలో చెప్పండి.

ఎఫ్‌ఐఆర్: సుప్రీం కోర్టు 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు తప్ప మిగిలినవి 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాబట్టి ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను, సంవత్సరం ఇస్తే సరిచూసుకోవడం కష్టం కాదు. ఫిర్యాదు చేసినవారికి కాపీ ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. చించినాడ వంతెనకు అటు పశ్చిమ గోదావరిలో దాడి జరిగిందని మలికిపురం స్టేషను ఫిర్యాదు తీసుకోకపోవడానికి వీల్లేదు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. ఆ పోస్టు రసీదు కూడా సాక్ష్యమే.

ఎఫ్‌ఐఆర్ లేకపోతే: "రాజీ చేసుకోండి" అని పంపేశారా? అలాగే రాయండి. ఏ అధికారి, ఏ నెలలో, ఎవరి ముందు అన్నారో రాయండి. సమాచార హక్కు చట్టం కింద మీ ఫిర్యాదు ఏమైందని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లేని ఎఫ్‌ఐఆర్ తయారు చేయించడం కన్నా ఈ జవాబు ఎన్నో రెట్లు మేలు. మీ దేశం మిమ్మల్ని కాపాడలేదని చూపించాల్సిన బాధ్యత మీ మీదే ఉంటుంది. పోలీసుల దగ్గరకు వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు అన్నది ప్రతి భారతీయ కేసులోనూ అడుగుతారు.

ఆసుపత్రి కాగితం: గాయం ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరు చెప్పగలరు. ఎవరు కొట్టారో మీరు చెబితేనే ఆయనకు తెలిసింది. అందుకే ఆ కాగితం గాయానికి సాక్ష్యం, కొట్టినవాడి పేరుకు కాదు.

ఫోనులోని బెదిరింపులు: స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అసలు ఫోను, సిమ్ దాచండి. చాట్ మొత్తం ఎగుమతి చేయండి, నంబరు కనిపించాలి. మధ్యలో మీరు తిట్టిన మెసేజ్‌లు ఉన్నా తీసేయకండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితాన్నీ ఇంగ్లీషు లేదా ఫ్రెంచిలోకి పూర్తిగా తర్జుమా చేయించి, అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి.

నాలుగో పని: ఇంటి నుంచి వెళ్లే ఉత్తరం

ఎక్కువ ఇళ్ల నుంచి వెళ్లే ఉత్తరం ఇలా ఉంటుంది: "మా అబ్బాయి చాలా మంచివాడు. ఇక్కడికి వస్తే చంపేస్తారు. దయచేసి ఆశ్రయం ఇవ్వండి." తల్లి మనసు అందులో ఉంది కానీ, సరిచూసుకోగలిగిన విషయం ఒక్కటీ లేదు.

దిండిలో ఒక తల్లి రాసిందనుకుని, ఈ నమూనా చూడండి. "2023 మార్చి 12, ఆదివారం సాయంత్రం నేను పెరట్లో కొబ్బరీనెలు చీలుస్తున్నాను. ఇద్దరు బండి మీద వచ్చారు. ఒకరు మా కోడలి పెద్దన్న. రెండోవాడు నాకు తెలియదు. మా అబ్బాయి, కోడలు ఏ దేశంలో ఉన్నారో చెప్పమన్నారు. చెప్పలేదు. ఎన్నాళ్లు దాక్కుంటారో చూస్తామని వెళ్లిపోయారు. నన్ను కొట్టలేదు. నేను పోలీసులకు చెప్పలేదు, ఎందుకంటే అంతకుముందు నా భర్త వెళ్లినప్పుడు కుటుంబ గొడవ అని తిప్పి పంపారు. వాళ్లు రావడం పక్కింటావిడ చూసింది, ఏం మాట్లాడారో వినలేదు."

"నన్ను కొట్టలేదు", "రెండోవాడు తెలియదు", "వినలేదు" అన్న మాటలే ఈ ఉత్తరాన్ని నిలబెడతాయి. తనకు తెలిసినంతే చెప్పే మనిషిని నమ్మబుద్ధి అవుతుంది. కింద సంతకం, ఆధార్ ప్రతి, ఫోన్ నంబరు ఉండాలి. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుందే గాని లోపలి మాట నిజమని చెప్పదు. తల్లి రాసిందన్న ఒక్క కారణంతో ఉత్తరాన్ని కొట్టేస్తే, అది అప్పీలులో ఎత్తిచూపదగిన తప్పే. ఆ గుమ్మంలో ఏం జరిగిందో చూసేది ఇంటివాళ్లే కదా.

ఒక జాగ్రత్త. సర్పంచ్ దగ్గరకో, సచివాలయానికో వెళ్లి "కెనడాలో కేసు కోసం" అని చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఎవరి నుంచి దాక్కున్నారో వాళ్లకూ తెలుస్తుంది. ఎవరిని అడగాలో లాయరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఐదో పని: కొత్త సాక్ష్యానికి తలుపు ఎంత తెరుచుకుంటుందో తెలుసుకోవడం

అప్పీలులో ఏదైనా పెట్టవచ్చు అనుకోకండి. కెనడా చట్టం 110(4) సెక్షను మూడు దారులే చెబుతుంది: తీర్పు తర్వాత పుట్టిన సాక్ష్యం, అప్పటికి అందుబాటులో లేని సాక్ష్యం, ఆ పరిస్థితుల్లో ముందే ఇవ్వాలని ఎవరూ ఆశించలేని సాక్ష్యం. ఈ గీత గట్టిదని 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఇంకో సింగ్ కేసులో స్పష్టం చేసింది. దాటిన తర్వాత కూడా సాక్ష్యం నమ్మదగినదేనా, సంబంధం ఉన్నదేనా, నిజంగా కొత్తదేనా అని చూస్తారు. ఉత్తరం మీద తేదీ కొత్తదైనంత మాత్రాన లోపలి సంగతి కొత్తది కాదు. నిరుడు జరిగిన బెదిరింపు గురించి ఈ నెలలో రాస్తే, అప్పుడే ఎందుకు ఇవ్వలేదో చెప్పాలి. "మా అమ్మకు అప్పుడు ఆపరేషన్ అయింది" అంటే డిశ్చార్జ్ సమ్మరీ పెట్టాలి.

ఆరో పని: "హైదరాబాద్‌లో బతకొచ్చు కదా" అన్న ప్రశ్న

మీ కథ మొత్తం నమ్మి కూడా కేసు కొట్టేయవచ్చు. మన దేశం పెద్దది కాబట్టి, ముంబయిలోనో ఢిల్లీలోనో భద్రంగా ఉండవచ్చు కదా అని బోర్డు అడుగుతుంది. రసరత్నం అనే శ్రీలంక తమిళుడి కేసు నుంచి దీనికి రెండు మెట్లున్నాయి: అక్కడ కూడా ముప్పు ఉందా, అక్కడికి వెళ్లి బతకడం ఆ మనిషికి సమంజసమా.

జవాబు కూడా రెండు భాగాలుగా ఉండాలి. వెతికేవాళ్లకు మిమ్మల్ని కనుక్కునే శక్తి ఉందా? ఇంకా వెతకాలన్న పట్టుదల ఉందా? ఇంతకుముందు కూకట్‌పల్లిలోనో బెంగళూరులోనో ఉండగా వచ్చి పట్టుకున్నారా? అయితే ఆ అద్దె ఒప్పందం, ఆ నెల కాల్ వివరాలు, ఇంటి యజమాని మాట అన్నీ ముఖ్యమే. "ఇండియాలో ఎక్కడైనా కనుక్కుంటారు" అన్న ఒక్క వాక్యం చాలదు. ఎవరు, ఏ బంధువు ద్వారా, ఏ పదవి వల్ల కనుక్కోగలరో చూపించాలి.

సాయం ఎవరి దగ్గర

కెనడాలో బోర్డు ముందు మీ తరఫున నిలబడటానికి లైసెన్సు ఉన్న లాయరునో, ఆ పనికి అర్హత ఉన్న రిజిస్టర్డ్ కన్సల్టెంటునో చూసుకోండి. 2021 నవంబరులో పని మొదలుపెట్టిన కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూడండి. డబ్బు లేకపోతే ఆయా రాష్ట్రాల లీగల్ ఎయిడ్‌ను అడగండి. ఆంటారియోలో శరణార్థి కేసులకు ఉంది. ఇక్కడ ఇంటివాళ్లకు న్యాయ సలహా కావాలంటే 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మీరు సంతకం పెట్టే ప్రతి ఫారమూ మీకు తెలుగులో చదివి వినిపించమని పట్టుబట్టండి. రాసింది ఏజెంటైనా, సంతకం మీది కాబట్టి జవాబుదారీ మీరే.

బ్రిటన్‌లో అప్పీలుకు సాధారణంగా 14 రోజులే గడువు. ఏ కాగితాన్నీ విడిగా చూడకుండా కేసు మొత్తంతో కలిపి తూచాలని అక్కడ 2002 నాటి తన్వీర్ అహ్మద్ తీర్పు చెబుతుంది. అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టం వచ్చాక, కేసుకు కీలకం కాని చిన్న తేడాను కూడా నమ్మకం పోగొట్టడానికి లెక్కలోకి తీసుకోవచ్చు. దేశం మారితే గడువూ, కొలతా మారతాయి. అందుకే ఆ దేశంలో ఆ రోజు అమల్లో ఉన్న నియమం అడిగి తెలుసుకోండి.

మొదటి 15 రోజుల సాధన

1. తీర్పు అందిన తేదీని కవరు మీదా, ఈమెయిల్ మీదా గుర్తుపెట్టండి. ఆ రోజు నుంచే గడువు లెక్క.
2. మూడు రోజుల్లో లాయరును కలిసి అప్పీలు నోటీసు పంపించండి. మిగతా పనుల కోసం నోటీసు ఆపకండి.
3. హియరింగ్ రికార్డింగ్ తెప్పించి, నోటు పుస్తకంలో మూడు గళ్లూ నింపండి.
4. ఇంటివాళ్లు విడివిడిగా రాసిన తేదీలను పోల్చి, తేడాలను లాయరుకు చూపించండి. మీరే సరిదిద్దకండి.
5. ఇంతకుముందు పెట్టిన ప్రతి వీసా ఫారం నకలూ సంపాదించండి. అందులో తప్పు రాసి ఉంటే అధికారి కనుక్కునే లోపే ఒప్పుకోండి.
6. ఇప్పటికే ఇచ్చిన కాగితాల్లో నకిలీది ఉందని తెలిస్తే ఈరోజే లాయరుకు చెప్పండి.

ఆరోది చేయడానికి చాలా ధైర్యం కావాలి. ఏజెంటు చెప్పాడని పెట్టిన ఒక దొంగ కాగితం వల్ల నిజంగా ప్రాణభయం ఉన్న పిల్లలు ఓడిపోతారు. అప్పీలు కూడా పోతే ఫెడరల్ కోర్టుకు 15 రోజుల్లో వెళ్లవచ్చు గాని, అక్కడ తీర్పు సహేతుకంగా ఉందా లేదా అనే చూస్తారు, కథ మళ్లీ మొదటి నుంచి వినరు. సాక్ష్యం సరిదిద్దుకునే చివరి చోటు దాదాపుగా ఈ అప్పీలే. మీ దగ్గర ఒకే ఒక ఉత్తరం, ఒక ఆసుపత్రి చీటీ, ఒక పోస్టు రసీదు ఉన్నా, అవి నిజమైనవైతే వాటితోనే వెళ్లండి. లేనిదాన్ని కలపమని ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి.